మన చేతిలోని అమానత్: ఇంటర్నెట్టులో వ్యక్తిగత సమాచార రక్షణ

గత వర్షాకాలంలో ఒకనాటి సాయంకాలం మేము కళాశాల గేటు ముందరి బండి వద్ద మిరపకాయ బజ్జీలు కొన్నాము. పొట్లం విప్పి చూడగా ఆ కాగితం ఒక విద్యార్థిని ఉపకారవేతన దరఖాస్తు నకలు. ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు, కుటుంబ వార్షికాదాయం, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య, అన్నియు నూనె మరకల నడుమ స్పష్టంగానే కనిపిస్తున్నవి. జిరాక్సు సరిగా రానందున దుకాణదారుడు పక్కన పడవేసిన కాగితం చిత్తు కాగితాల వెంట బండివానికి చేరి ఉండవచ్చును. ఇందులో దొంగ ఎవరూ లేరు. దురుద్దేశం కూడ ఎవరికీ లేదు. అయినను ఒక ఆడపిల్లను గూర్చి ఆమె మేనమామకు కూడ తెలియని వివరాలు నాలుగు బజ్జీలతో బాటు మా చేతికి వచ్చినవి.

ఇది కాగితం ముచ్చట కదా, ఇంటర్నెట్టునకు దీనితో ఏమి సంబంధమని పాఠకులు అడుగవచ్చును. కాగితం నూనెలో నాని నశిస్తుంది. అదే పత్రాన్ని "ప్రింటు తీసి పెట్టండి భాయ్" అని దుకాణం వారి వాట్సాప్‌కు పంపినప్పుడు అది నశించదు. పంపినవారి ఫోనులో ఒక ప్రతి, దుకాణం ఫోనులో ఒక ప్రతి, అక్కడి కంప్యూటరులో మరియొక ప్రతి మిగిలిపోతవి. ప్రవేశాల కాలంలో అట్టి కంప్యూటరు ముందు కూర్చున్నవారికి వందలాది కుటుంబాల పత్రాలు కనుచూపు మేరలో ఉంటవి. వాట్సాప్ సందేశం దారి మధ్యలో ఎవరూ చదువ వీలులేని విధంగా గూఢలిపిలో ప్రయాణం చేస్తుందన్న మాట నిజమే. కాని ఆ రక్షణ దారికే పరిమితం. రెండు కొసలలోను ఉన్నది మనుష్యులే.

ఉర్దూలో అమానత్ అనే మాట ఉన్నది. ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన వస్తువు అని దాని అర్థం. తెలుగు జమాఖర్చు పుస్తకాలలో కనిపించే అనామతు ఖాతాలోని అనామతు కూడ ఈ మాట నుండి వచ్చినదే. 1970ల చివరి నుండి కరీంనగర్, నిజామాబాదు జిల్లాలవారు, హైదరాబాదు పాతబస్తీవారు గల్ఫ్ దేశాలకు బయలుదేరినప్పుడు ఈ అమానత్తు ఎట్టిదో మన పెద్దలు ఎరుగుదురు. చదువురాని తల్లికి, భార్యకు ఆ ఉత్తరాలు చదివి వినిపించే కుర్రవాడు ప్రతి వీధిలోను ఒకడు ఉండెడివాడు. ఎవరి అప్పు ఎంత, ఎవరి ఇంట్లో తగవు ఏమి, ఎవరు డ్రాఫ్టు పంపలేదు, అన్నియు వానికి తెలుసు. వాడు నోరు విప్పడన్న నమ్మకం మీదనే తల్లులు వాని చేతికి కవరు ఇచ్చెడివారు. నేడు ఆ కుర్రవాని స్థానంలో మన విద్యార్థినీ విద్యార్థులు ఉన్నారు. అమ్మీ ఫోనులో బ్యాంకు యాప్ తెరిచేది కూతురే. నాయనకు వచ్చిన ఓ.టి.పి. చదివి చెప్పేది కొడుకే. కావున ఈ విషయాన్ని తమ సొంత రహస్యాల రక్షణగా మాత్రమే విద్యార్థులు భావింపరాదని మా అభిప్రాయం.

"మేమేమి తప్పు చేసినాము, దాచుకొనుటకు ఏమున్నది?" అని కొందరు అంటారు. తప్పు చేయనివారి ఇంటికి కూడ తలుపు ఉంటుంది. ఇతరుల ఇండ్లలోనికి అనుమతి లేనిదే ప్రవేశింపరాదని, పరుల గుట్టు వెదకరాదని ఖురాన్ శాసించినది. మన దేశంలో ఈ సంగతి న్యాయశాస్త్రంలో తేలుటకు మాత్రం చాలకాలం పట్టినది. 1954లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు, 1962లో ఆరుగురు న్యాయమూర్తులు గల సుప్రీంకోర్టు ధర్మాసనాలు గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్న ధోరణిలో తీర్పులు చెప్పినవి. 2012లో, ఎనభై దాటిన వయస్సులో, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ పథకాన్ని ప్రశ్నిస్తూ వ్యాజ్యం వేసినారు. పాత తీర్పులను దాటవలెనన్న అంతకు మించిన ధర్మాసనం కావలసి వచ్చినది. తొమ్మిదిమంది కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందియు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించినారు. ఆ తీర్పు సారం ఏమనగా, మనిషి తనను గూర్చి ఎవరికి ఏమి తెలియవలెనో తానే నిర్ణయించుకొనగలిగి ఉండవలెను. అది లేనిచోట స్వేచ్ఛకు అర్థం లేదు.

హక్కు ఒక సంగతి, దానిని నిలుపుకొనుట వేరొక సంగతి. ఇందులో మొదటి చిక్కు ఏమనగా, విడివిడిగా నిరపాయంగా కనిపించే వివరాలు ఒకచోట చేరగానే వేరొక రూపం ధరిస్తవి. అమెరికాలో 1990లలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల వైద్య వివరాలను పేర్లు తొలగించి పరిశోధకులకు అందజేసినారు. పేర్లు లేవు గనుక భయం లేదని గవర్నరు విలియం వెల్డ్ ప్రజలకు ధైర్యం చెప్పినారు. అప్పటికి విద్యార్థినిగా ఉన్న లటాన్యా స్వీనీ 20 డాలర్లు చెల్లించి కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నరు పుట్టిన తేదీ గలవారు ఆ జాబితాలో ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన నివసించే తపాలా కోడులో ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కని వైద్య వివరాలు పేరులేని పత్రాల నుండి ఆమె చేతికి వచ్చినవి. పుట్టిన తేదీ, లింగం, తపాలా కోడు అనే మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని గుర్తుపట్టవచ్చునని 2000లో ఆమె లెక్క కట్టినారు. 2006లో మరొక పరిశోధకుడు ఆ లెక్కను సవరించి 63 శాతం అన్నాడు. తక్కువైన లెక్క కూడ సగానికి పైమాటే.

మన ఓటర్ల జాబితాలోను పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, ఇంటి నంబరు ఉంటవి. అది బహిరంగ పత్రం. దానికి మనం ఇన్‌స్టాగ్రాములో పెట్టిన జన్మదిన శుభాకాంక్షలు, కళాశాల గుర్తింపు కార్డు వ్రేలాడుతున్న చిత్రం, కొత్త మోటారు సైకిలు నంబరు పలక చేర్చినచో మిగిలినది స్వల్పమే. మోసగాడు ఫోను చేసి మన పేరు, తండ్రి పేరు, బ్యాంకు పేరు తానే చెప్పగలిగినప్పుడు మనం అతనిని బ్యాంకు మనిషి అని నమ్ముతాము. ఇన్ని తెలిసినవాడు నిజమైనవాడే అయి ఉండవలెనని మన మనస్సు చెబుతుంది. ఈ నమ్మకమే వాని పెట్టుబడి. పిన్ సంఖ్య విషయంలో కూడ ఇట్లే జరుగుతుంది. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలు ఉన్నవి. పుట్టిన తేదీ, నెల కలిపి పిన్‌గా పెట్టుకొన్నవాడు వాటిని తానే 366కు తగ్గించుకొంటున్నాడు. తేదీ తెలిసినవానికి ఒక్కటే చాలును.

రెండవ చిక్కు ఇంతకంటె బరువైనది. మన ఫోనులో ఉన్నది మన సమాచారం మాత్రమే కాదు. 2020 డిసెంబరులో తెలంగాణలో తక్షణ ఋణాల యాప్‌ల బాగోతం బయటపడినది. కరోనా కాలంలో ఉపాధి పోయినవారు, విద్యార్థులు ఐదువేలకో పదివేలకో ఆ యాప్‌లను ఆశ్రయించినారు. యాప్‌ను ఫోనులో చేర్చుకొనేటప్పుడు అది పరిచయస్తుల నంబర్లు, చిత్రాలు చూచుటకు అనుమతి కోరినది. వేలు తాకించినారు. గడువు తప్పగానే ఆ నంబర్లకు ఫోనులు మొదలైనవి. అక్కకు, బావగారికి, పనిచేసే చోటి యజమానికి, ఇంటి ఓనరుకు ఈ మనిషి దొంగ అన్న సందేశాలు చిత్రంతో సహా చేరినవి. అవమానం భరింపలేక ప్రాణాలు తీసుకొన్నవారున్నారు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ కేసులలో పలువురిని అరెస్టు చేసినారు. తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వెలువరించి, ఋణ యాప్‌లు ఫోనులోని పరిచయస్తుల జాబితా, చిత్రాలు, కాల్ వివరాలు ముట్టరాదని నిషేధించినది. దొంగ యాప్‌లు నిషేధాన్ని లెక్కచేయవు గనుక అనుమతి అడిగినప్పుడు ఆగి చూడవలసిన పని మనకు తప్పదు. ఋణం ఇచ్చే యాప్‌నకు మన మేనత్త నంబరు దేనికి? టార్చిలైటు యాప్‌నకు మనం ఎక్కడున్నామో దేనికి? ఫోను సెట్టింగులలో అనుమతులు అనే విభాగం తెరిచి, ఏ యాప్‌కు ఏమి ఇచ్చి ఉన్నామో ఒక్కసారి చూచినచో చాలమంది ఆశ్చర్యపోతారు. ఇచ్చిన అనుమతిని అక్కడనే తిరిగి తీసుకొనవచ్చును. అంతవరకు వెళ్ళిపోయిన సమాచారం మాత్రం తిరిగి రాదు.

ఇట్లు ఒకరి వేలు తాకిడి మరొకరిని పట్టి ఇచ్చుట ఎంతవరకు పోగలదో 2018లో వెల్లడి అయినది. కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారంలో ఫేస్‌బుక్ సంస్థ ఇచ్చిన వివరం ప్రకారం భారతదేశంలో ఆ వ్యక్తిత్వ పరీక్ష యాప్‌ను చేర్చుకొన్నవారు 335 మంది మాత్రమే. వారి స్నేహితుల జాబితాల ద్వారా సమాచారం పోయి ఉండగల భారతీయులు 5,62,120 మంది. ఈ లక్షల మందిని ఎవరూ ఏమీ అడుగలేదు.

ఇక మార్చుకొన వీలులేని సమాచారం సంగతి. పాస్‌వర్డు పోయినచో మార్చుకొనవచ్చును, సిమ్ కార్డు మార్చుకొనవచ్చును, వేలిముద్ర మార్చుకొనలేము. ముద్ర వేయుట అనేది మన పల్లెలలో సంతకం రానివారి సాక్ష్యం. దాని మీద ప్రజలకు గల విశ్వాసం అంతా ఇంతా కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి తన అమ్మకాల లక్ష్యం చేరుకొనుటకై చేసిన పని ఈ విశ్వాసాన్ని కదలించినది. భూముల రిజిస్ట్రేషను దస్తావేజులు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉండెడివి. వాటి మీద వేలిముద్రలు, ఆధార్ సంఖ్యలు రెండును ఉన్నవి. అతడు ఆ ముద్రలను రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో అచ్చు పోసి, యంత్రం మీద ఒత్తి, భూములు అమ్మిన కొన్న రైతుల పేర వేలాది సిమ్ కార్డులు తెరిచినాడు. భూమి కాగితం ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రంగానే ఉన్నది. వేలిముద్ర మాత్రం ఊరు దాటిపోయినది. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొన్న మరొక ముఠా ఇదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ దస్తావేజుల నుండి ముద్రలు తీసి బ్యాంకు ఖాతాలలోని డబ్బు కాజేసినది. ఆధార్ ఆధారిత చెల్లింపులో ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉన్నచో చాలును. కార్డు, పిన్, ఓ.టి.పి. ఏవియు అడుగరు. కూలి డబ్బు ఊరిలోనే అందవలెనన్న సదుద్దేశంతో ఏర్పడిన సదుపాయం ఇది. ఆ సౌలభ్యమే దొంగకు కూడ కలిసివచ్చినది.

దీనికి ఒక గొళ్ళెం ఉన్నదని చాలమందికి తెలియదు. ఆధార్ సంస్థ వెబ్‌సైటులోను, యాప్‌లోను బయోమెట్రిక్ లాక్ అనే సౌకర్యం ఉన్నది. వేసినచో వేలిముద్రతో ఎవరూ మన ఆధార్‌ను వాడలేరు. అవసరమైనప్పుడు మనమే కొంతసేపు తెరుచుకొనవచ్చును. దానితో బాటు పన్నెండు అంకెలలో చివరి నాలుగు మాత్రమే చూపే మాస్క్‌డ్ ఆధార్ ప్రతిని కూడ ఉచితంగా తీసుకొనవచ్చును. హోటలు గదికి, హాస్టలు రిజిస్టరుకు ఇది సరిపోవలెను. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయం ఆధార్ నకళ్ళు ఎవరికిబడితే వారికి ఇవ్వవద్దని, మాస్క్‌డ్ ప్రతినే ఇవ్వమని ప్రకటించగా, ప్రజలు అపార్థం చేసుకొంటారని రెండు దినాలకే ఆ ప్రకటనను ఉపసంహరించినారు. ఆ ప్రకటనలో అపార్థానికి తావు ఏమున్నదో మాకు నేటికిని బోధపడలేదు. పూర్తి నకలు ఇవ్వక తప్పనప్పుడు దాని మీద ఏ పనికి, ఏ తేదీన ఇచ్చినామో అడ్డంగా వ్రాసి ఇచ్చుట మేలు.

ఆడపిల్లల చిత్రాల విషయం వ్రాయుటకు మాకు చేయి ఆడుట లేదు. అయినను మన కళాశాల సంచికలో దీనిని వదలిపెట్టుట న్యాయం కాదు. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి మొదటి దినాన మరొకసారి, దేశంలోని ముస్లిం మహిళల చిత్రాలను వారి సామాజిక మాధ్యమాల ఖాతాల నుండి తీసి, వారిని వేలానికి పెట్టినట్లు చూపే యాప్‌లను దుండగులు సృష్టించినారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు ఆ జాబితాలలో ఉన్నారు. రెండవసారి అరెస్టయినవారిలో ఇరవై యేండ్లు అటు ఇటు ఉన్న విద్యార్థులు ఉండుట మమ్ము మరింత బాధించినది. ఆ వార్త వచ్చిన తరువాత కొన్ని ఇండ్లలో ఆడపిల్లల ఫోనులు లాగుకొన్నారని విన్నాము. చిత్రం పెట్టుటయే తప్పు అనేవారితో మేము ఏకీభవింపము. ఆ మహిళలు పెట్టినవి ముఖచిత్రాలు, పుస్తకావిష్కరణ చిత్రాలు, ఉద్యోగంలో చేరిననాటి చిత్రాలు. నేరం తీసుకొన్నవానిది. ఫోను లాగుకొన్నచో ఆ పిల్లకు ఆపద వచ్చిననాడు ఇంట్లో చెప్పుకొనే ధైర్యం కూడ పోతుంది. బెదిరించేవాడు కోరుకొనేది ఆ మౌనమే.

అట్టి ఆపదలో చేయదగిన పని ఉన్నది. బెదిరింపు సందేశాలను తుడిచివేయక వాటి స్క్రీన్‌షాటులు, ఖాతా పేరు, తేదీ భద్రపరచవలెను. డబ్బు పంపరాదు. ఒకసారి పంపినవారిని రెండవసారి అడుగుతారు. 2021 నాటి ఐ.టి. నియమాలు, నగ్న చిత్రాలను గాని మార్ఫింగు చేసిన చిత్రాలను గాని బాధితురాలు ఫిర్యాదు చేసిన 24 గంటలలో తొలగించవలెనని సామాజిక మాధ్యమ సంస్థలను ఆదేశించినవి. 2021 డిసెంబరులో మొదలైన స్టాప్ ఎన్.సి.ఐ.ఐ. అనే అంతర్జాతీయ సేవ పద్ధతి మెచ్చదగినది. చిత్రాన్ని వారికి పంపనక్కరలేదు. మన ఫోనులోనే ఆ చిత్రం నుండి ఒక పొడవాటి సంఖ్య తయారవుతుంది. ఆ సంఖ్య మాత్రమే వారికి చేరుతుంది. అందులో భాగస్వాములైన సంస్థలు తమ వద్దకు వచ్చే చిత్రాలను ఆ సంఖ్యతో పోల్చి అడ్డగిస్తవి. సంఖ్య నుండి చిత్రాన్ని తిరిగి రాబట్టలేరు. పదునెనిమిది నిండనివారికి టేక్ ఇట్ డౌన్ అనే వేరొక సేవ ఉన్నది. మన రాష్ట్రంలో 2014 నుండి షీ టీమ్స్ పనిచేస్తున్నవి. అక్కడ ఆడపిల్ల ఒంటరిగా కాక అక్కను గాని అధ్యాపకురాలిని గాని వెంటబెట్టుకొని పోవచ్చును.

పాస్‌వర్డుల గూర్చి అందరూ వినియే ఉన్నారు గనుక కొద్దిగా చెప్పుదుము. చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఎనిమిదింటి పాస్‌వర్డుకు సుమారు 20,882 కోట్ల కూర్పులు వస్తవి. ఇది పెద్ద సంఖ్యగా తోచును గాని, పాత పద్ధతిలో భద్రపరచిన పాస్‌వర్డులను నేటి యంత్రాలు సెకనుకు వందల కోట్ల వంతున పరీక్షింపగలవు. మరి నాలుగు అక్షరాలు పెంచినచో కష్టం 4,56,976 రెట్లు పెరుగుతుంది. కావున చిత్రవిచిత్రమైన గుర్తుల కంటె పొడవు మేలు. సంబంధం లేని నాలుగు మాటలు కలిపినచో గుర్తుంటుంది, గట్టిగాను ఉంటుంది. అన్ని చోట్ల ఒకే పాస్‌వర్డు వాడినవారికి మాత్రం ఏ లెక్కయు సాయపడదు. ఒక చిన్న దుకాణం వెబ్‌సైటు నుండి అది పోయినచో ఈమెయిలు తాళం కూడ పోయినట్లే. ఈమెయిలుకు, వాట్సాప్‌కు రెండంచెల తనిఖీ పెట్టుకొనుట ఐదు నిమిషాల పని.

యు.పి.ఐ.లో డబ్బు పంపుటకే పిన్ కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో పెద్దలకు వచ్చిననాడు సగం మోసాలు ఆగిపోతవని మా నమ్మకం. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులలో కనిపించి డిజిటల్ అరెస్టు చేసినామనేవారిని గూర్చి 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలోనే హెచ్చరించినారు. అట్టి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోయినచో సిగ్గుపడి కూర్చొనక వెంటనే 1930కి ఫోను చేయవలెను. దొంగ ఆ సొమ్మును మరొక ఖాతాకు మార్చకముందే చెప్పగలిగినచో బ్యాంకులు దానిని నిలుపుదల చేయగలవు. మరునాటికి అది పది ఖాతాలు దాటి ఉంటుంది.

2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. సంస్థల ముఖ్య బాధ్యతలు అమలులోనికి వచ్చుటకు అప్పటి నుండి పదునెనిమిది నెలల వ్యవధి ఇచ్చినారు. ఏ పనికి సమాచారం తీసుకొంటున్నారో ముందు చెప్పవలెను, ఆ పనికి కావలసినంతే తీసుకొనవలెను, ఇచ్చిన సమ్మతిని మనం వెనుకకు తీసుకొనవచ్చును, తప్పులు దిద్దించుకొనవచ్చును, పని తీరిన సమాచారాన్ని తుడిపించుకొనవచ్చును. భద్రత విషయంలో ఘోరంగా విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. ప్రభుత్వం తన శాఖలకు మినహాయింపులు ఇచ్చుకొనే వీలు విశాలంగా ఉంచుకొనుట మాకు నచ్చలేదు. పైన చెప్పిన వేలిముద్రలు పోయినది ప్రభుత్వ దస్తావేజుల నుండియే కదా. అయినను ఈ చట్టంలో మన సంచిక పాఠకులు గమనింపదగిన అంశం ఒకటి ఉన్నది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకొనే అవకాశం మనకు ఉండవలెను. తెలుగు, ఉర్దూ రెండును ఆ 22లో ఉన్నవి. అర్థం కాని ఇంగ్లీషు కింద ఉన్న సమ్మతి గడిని నొక్కే తల్లి ఇకమీదట, "దీనిని నా భాషలో చూపండి" అని అడుగవచ్చును.

ఈ వ్యాసం సిద్ధం చేస్తున్నప్పుడు మా సంగతి కూడ మేము చూచుకొన్నాము. సంచికకు వ్యాసాలు పంపిన విద్యార్థుల పేర్లు, ఫోను నంబర్లు, పుట్టిన తేదీలు గల జాబితా మూడేండ్లుగా మా వాట్సాప్ బృందంలో పడి ఉన్నది. బృందంలో ఉన్నవారిలో సగం మంది చదువు ముగించి వెళ్ళిపోయినారు. ఆ జాబితాను తొలగించినాము. మా ఫోనుల నుండి పోయినది గాని, వెళ్ళినవారి ఫోనులలోని ప్రతులు మా చేతిలో లేవు. వారిలో కొందరికి ఫోను చేసి తుడిచివేయుమని కోరినాము, మిగిలినవారికి ఈ సంచిక ప్రతి అందినప్పుడు తెలుస్తుంది. బజ్జీల పొట్లం కాగితం మీది విద్యార్థినిని కూడ వెదకి, ఆమెతో చెప్పి, ఆమె ఎదుటనే దానిని చింపినాము. ఆ నకలు ఎన్ని తీసినారో, మిగిలినవి ఎక్కడ ఉన్నవో ఆమెకును తెలియదు.